నమ్మినవాడితో తిప్పలు

తాను చెప్పే మాటను వినేవాళ్లలో ఒకడు నిజంగానే నమ్మి కూర్చుంటాడని ఉపదేశి నాగయ్య ఎన్నడూ అనుకోలేదు. పొద్దుగూకగానే వాడ నడుమ వేలాడదీసిన రైలుపట్టా ముక్కను సుత్తితో మోగించాలి. వచ్చినవాళ్లను పెంకుల గుడి ముందు గోనెపట్టాల మీద కూర్చోబెట్టాలి. లాంతరు దగ్గరికి జరుపుకుని ఫాదర్ చెప్పిపోయిన సువార్త భాగం చదివి, దానిమీద నాలుగు మంచిమాటలు చెప్పి, జపమాలతో ముగించాలి. ఇదీ ఆయన పని. మంచిమాటలు చెప్పేటప్పుడు ఆయన గొంతు తనంతట తానే కొంచెం వణికేది. ఆ వణుకు ఆడవాళ్లకు నచ్చేది. ముసలివాళ్లు తలలూపేవాళ్లు. ప్రార్థన కాగానే అందరూ దుమ్ము దులుపుకుని ఎవరి గట్క కుండ దగ్గరికి వాళ్లు పోయేవాళ్లు. ఇన్నేండ్లుగా అట్లాగే నడిచింది, ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

ఆ ఏడు ఆషాఢం నడుస్తున్నా చినుకు లేదు. ఖానాపూర్ అవతల, కడెం వాగు ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో జనం ఇసుకలో చెలిమలు తోడుకుని తాగుతున్నారు. మాదిగ వాడ చెలిమ అన్నిటికంటే కింద. పైవాళ్లు తోడుకోగా మిగిలినదే ఊరేది. ఇదంతా చూసి ఫాదర్ ఈ వారమంతా దేవునిమీద నమ్మకం గురించిన భాగాలే చదవమని చెప్పి పోయాడు. సోమవారం నాటిది ఆకాశపక్షుల సంగతి. అవి విత్తవు, కోయవు, గాదెల్లో దాచుకోవు, అయినా పరలోకపు తండ్రి వాటిని సాకుతూనే ఉన్నాడు. నాగయ్య గొంతు బాగా వణికింది. రేపటి ఫికర్ మనకెందుకన్నాడు. మన కడుపు సంగతి ఆయనకు ఎరుకే, అంతా దేవుడు చూసుకుంటాడన్నాడు.

జపమాల అయ్యాక అందరూ లేచారు గాని ముందు వరసలో సిద్దిరాములు లేవలేదు. కళ్లు మూసుకుని, చేతులు తొడల మీద పెట్టుకుని, కడుపు నిండినవాడిలా కూర్చున్నాడు. సిద్దిరాములు నాగయ్యకు పెదనాయన కొడుకు, వయసులో చిన్నవాడు. జ్ఞానస్నానం తీసుకున్నప్పుడు ఫాదర్ అతనికి రాయప్ప అని పేరు పెట్టాడు. వాడలో ఎవరూ అట్లా పిలవరు. నాగయ్యను ఫాదర్ చిన్నప్ప అంటాడు, దాన్నీ ఎవరూ పట్టించుకోరు.

సిద్దిరాములు పెండ్లాం కమలవ్వ చంకలో పిల్లతో గోడ వారగా నిలబడి, మొగుడు లేచి ఇంటిదారి పట్టేదాకా ఆగింది. ఆ తర్వాత నాగయ్య దగ్గరికి వచ్చి ఉపోద్ఘాతం ఏమీ లేకుండా సంగతి చెప్పింది. గురువారం పోచమ్మ బోనాలు. ఈ ఏడు డప్పు వంతు తమ ఇంటిది. మొగుడు మాత్రం డప్పును అటుక మీదికి విసిరేసి, నేను కొట్టనంటున్నాడు. కొట్టకపోతే ఎట్లా బతుకుతామని అడిగితే పక్షుల కథ చెబుతున్నాడు.

వంతు అంటే ఏమిటో నాగయ్యకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బోనాల ముందు నడిచే డప్పు ఏడాదికొక ఇంటిది. వంతు వచ్చిన ఏడు ఏ ఇంటి డప్పు మోగకపోతుందో ఆ ఇంటికీ ఊరికీ తెగిపోయినట్టే. చచ్చిన పశువుల తోళ్లు, మోటబొక్కెనల కుట్టుపని, కళ్లం మీద వచ్చే గింజల పాలు, అన్నీ ఇంకొకరికి పోతాయి, మళ్లీ తిరిగిరావు. పక్క ఊరి పర్శరాములు ఈ హక్కు కోసం ఎప్పటినుంచో కాచుకుని ఉన్నాడు. ఇంకొక సంగతి కూడా ఉంది. వంతు మనిషిది కాదు, ఇంటిది. ఆ ఇంటిపేరు గల మగవాడు ఎవడు కొట్టినా చెల్లుతుంది. ఆ ఇంటిపేరు వాడలో ఇద్దరికే ఉంది. రెండోవాడు ఎవరో కమలవ్వ అనలేదు, నాగయ్య కూడా అనలేదు.

అటుపక్క ఫాదర్ పెట్టిన కట్టడి ఉంది. పోచమ్మ ముందు డప్పు కొట్టినవాడికి క్రిస్మస్ దాకా పూజలో పెట్టే సత్ప్రసాదం లేదు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ గుడి బయట కంకర మీద మోకరించి నోరు మూసుకుని ఉండాలి. ఎవడు కొట్టాడో ఫాదర్‌కు చెప్పవలసినవాడు ఉపదేశి. పోయినేడు బుచ్చిరాములు పేరు చెప్పింది నాగయ్యే. అప్పుడు ఆయనకు నిద్ర కూడా చెడలేదు.

చూద్దాంలే, నేను మాట్లాడతానన్నాడు నాగయ్య. కమలవ్వ కదల్లేదు.

"బావా, నీ ఇంట్ల పాలపొడి డబ్బా ఉంటది, మిషన్ గోదుమలుంటయి. నువ్వు చెప్తే చెల్లుతది. మాటలు చెప్పి ఆయన్ని గంత దూరం తీస్కపోయినవ్. మాటలు చెప్పే తోల్కరా."

ఆ మాట నాగయ్యకు గట్టిగా తగిలింది. ఇంటికి వచ్చి భార్య లింగవ్వతో జరిగిందంతా చెప్పి, ఇందులో తన తప్పేముందో చెప్పమన్నాడు. లింగవ్వ రొట్టె తడుతూ, తల ఎత్తకుండానే, తప్పంతా నీదే, అంత మంచిగా చెప్పడం ఎందుకని అడిగింది. ఆయన ఆ పూట రెండో రొట్టె తినకుండా లేచాడు.

మంగళవారం పొద్దున్నే, తోళ్లు నానబెట్టే లంద దగ్గరికి పోయాడు. సిద్దిరాములు మోకాళ్లదాకా ఆ ఎర్రటి నీళ్లలో నిలబడి, తంగేడు చెక్కలో నానుతున్న బర్రె తోలును తిరగేస్తున్నాడు. తోలు బరువుకు అతని వీపు నరాలు తేలాయి. ఒడ్డున సగం కుట్టిన మోటబొక్కెన పడి ఉంది, దాంట్లోనే తోలు కుట్టే ఆరె గుచ్చి పెట్టి ఉంది. నాగయ్య ఆ బొక్కెన పక్కన కూర్చుని మెల్లగా మొదలుపెట్టాడు. లోకంలో పాపం చేయనివాడు ఎవడూ లేడన్నాడు. ఫాదర్ చెవిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం ఉన్నదే అందుకన్నాడు. గురువారం ఒక్క పూట డప్పు కొట్టి, ఆదివారం ఫాదర్ వచ్చినప్పుడు చెప్పుకుని అయిదారు నెలలు బయట కూర్చుంటే ఏం పోతుందన్నాడు. ఆదివారం నీ పేరు చెప్పేటప్పుడు బాగానే నచ్చజెబుతానని కూడా అన్నాడు.

సిద్దిరాములు తోలు వదిలి నడుం నిటారు చేసుకున్నాడు. అన్న మీద అతనికి కోపం రాలేదు. జాలిపడ్డట్టే కనిపించాడు. తర్వాత మాఫీ అడుగుతాను గదా అని ముందే లెక్క వేసుకుని చేసే పాపానికి మాఫీ ఉండదని పోయిన కార్తీకంలో నువ్వే చెప్పావు గదన్నా అన్నాడు. చెప్పినట్టు నాగయ్యకు గుర్తులేదు. చెప్పే ఉంటాడు. ఆ రోజు గొంతు బాగా వణికి ఉంటుంది.

నాగయ్య పక్షుల సంగతి ఎత్తాడు. పక్షులకు దేవుడు గూట్లోకి తెచ్చి పెట్టడు, అవీ పొద్దున్నే లేచి గింజ కోసం వెతుక్కుంటాయి, చేతనైన పని చేసుకోవాలి అన్నాడు. ఇది మంచి పాయింటని ఆయనకే అనిపించింది. సిద్దిరాములు నవ్వాడు.

"ఎతుకుతయి గని, డప్పు కొట్టయి గద అన్నా."

నాగయ్య లేచి వచ్చేశాడు. దారి పొడుగునా తనలో తాను గొణుక్కున్నాడు. ఇంతమందికి ఇన్నేండ్లు చెప్పాను, ఒక్కడైనా సోమవారం చెప్పింది మంగళవారం దాకా గుర్తు పెట్టుకున్నాడా? మిగతావాళ్లు మనుషులు కారా? వాళ్లకు తెలుసు గదా, ఏ మాట ఎంతవరకు తీసుకోవాలో. వీడొక్కడికే ఎందుకు తెలియదు?

ఆ సాయంత్రం ఫాదర్ చెప్పిన భాగాన్ని పక్కన పెట్టాడు. అట్లా చేయడం అదే మొదలు. సైతాను ప్రభువును గుడి శిఖరం మీదికి తీసుకుపోయి, దూకు, దేవదూతలు పట్టుకుంటారు అన్న కథ ఎత్తుకున్నాడు. ప్రభువు దూకలేదు. దేవుణ్ణి పరీక్ష పెట్టకూడదన్నాడు. ఇక్కడ నాగయ్య ఆగి, సిద్దిరాములు వైపు సూటిగా చూస్తూ, చేయవలసింది చేయకుండా చేతులు ముడుచుకుని, దేవుడే పట్టుకుంటాడులే అని కూర్చోవడం శిఖరం మీద నుంచి దూకడంతో సమానం అన్నాడు. వెనక కూర్చున్న కమలవ్వ కొంగు సర్దుకుని ముందుకు వంగింది. సిద్దిరాములు రెండు చేతులూ జోడించి విన్నాడు.

ప్రార్థన అయ్యాక తానే దగ్గరికి వచ్చాడు. అతని ముఖం వెలిగిపోతోంది. జర అటూ ఇటూగా ఉన్న మనసు ఈ పూట గట్టిపడిందన్నాడు. డప్పు కొట్టి, క్షమిస్తావా లేదా చూస్తానన్నట్టు నిలబడటమే గదా దేవుణ్ణి పరీక్ష పెట్టడం అంటే, నా కోసమే ఈ భాగం చదివినట్టున్నావన్నా అని కాళ్లకు దండం పెట్టబోయాడు. నాగయ్య వెనక్కి జరిగి, పోరా పో, ఇంటికి పోయి పండుకో అని కసిరాడు. అతని వెనకనుంచి కమలవ్వ చూసిన చూపును ఆయన ఆ రాత్రి చాలాసేపు మరిచిపోలేకపోయాడు.

బుధవారం ఇంకొక కథ తీశాడు. ఉపదేశుల బడిలో ఎప్పుడో విన్నది, ఇప్పటిదాకా వాడవలసిన పని పడలేదు. నామాను అనే సేనాపతికి కుష్టు వస్తుంది. ప్రవక్త చెప్పినట్టు ఏట్లో మునిగి బాగుపడతాడు. ఇక మీదట నీ దేవుణ్ణి తప్ప ఎవరినీ కొలవనంటాడు. పోతూపోతూ మాత్రం ఒక మనవి చేసుకుంటాడు. మా రాజు తన దేవుడి గుడికి పోయినప్పుడు నా చేతిమీద ఆనుకుని వంగుతాడు, అప్పుడు నేనూ వంగక తప్పదు, అదొక్కటి క్షమించమంటాడు. ప్రవక్త తిట్టలేదు. నెమ్మదిగా పో అన్నాడు. కథ అక్కడితో ఆపేసి నాగయ్య ఇంకేమీ కలపలేదు. ఈసారి గొంతు వణకలేదు కూడా. విన్నవాళ్లు కొంతసేపు లేవకుండా కూర్చున్నారు. బుచ్చిరాములైతే, ఈ కథ పోయినేడు ఎందుకు చెప్పలేదని పక్కవాడిని పైకే అడిగాడు.

సిద్దిరాములు చాలాసేపు ఆలోచించాడు. అతను ఆలోచిస్తున్నాడని చూసి నాగయ్యకు ప్రాణం లేచివచ్చింది. చివరికి లేచి, కథ చాలా మంచిదన్నాడు. కాని నామాను ముందే పోయి పెద్దాయనను అడిగాడు గదా, అడగకుండా చేసి తర్వాత చెప్పుకోలేదు గదా అన్నాడు.

"నువ్వు గూడ ఫాదర్‌ను అడుగన్నా. ఆయన పొమ్మంటే పోత. నా చేతులు ఊకున్నయా? నాకు మాత్రం కొట్టబుద్ధి అయితలేదా?"

ఆ చివరి మాట అన్నప్పుడు మాత్రం సిద్దిరాములు గొంతు మారింది. నాగయ్య అది విన్నాడు.

గురువారం చీకటి ఉండగానే సైకిల్ ఎక్కి ఖానాపూర్ మిషన్‌కు పోయాడు. ఫాదర్ వరండాలో మోటార్‌సైకిల్ చైను విప్పి ముందేసుకుని కూర్చున్నాడు, చేతులనిండా నల్లటి గ్రీజు. ఆయన కేరళ మనిషి. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నాడు, అట్లాగే మాట్లాడతాడు. చెడ్డవాడు కాదు. తాను తినేదీ గంజీ, కందిచట్నీనే. నాగయ్య చెప్పిందంతా పని ఆపి విన్నాడు. పిల్ల వయసు అడిగాడు. ఊరి పటేల్ ఎట్లాంటివాడని అడిగాడు. ఆ తర్వాత చైను లింకులను ఒక్కొక్కటే వేళ్ల మధ్య తిప్పాడు.

"చిన్నప్పా, ఒక్కనికి అనుమతి ఇస్తే రేపు అందరికీ ఇవ్వవలెను గదా. పోయిన సంవత్సరము శిక్ష పొందినవానికి నేను ఏమి చెప్పుదును? రాయప్పను ధైర్యముగా ఉండమను. దేవుడు చూసుకొనును."

ఎన్నో ఏండ్లుగా నాగయ్య ఆ మాటను ఇతరులకు చెబుతూ వచ్చాడు. తనకు ఒకరు చెప్పడం ఇదే మొదటిసారి. అది ఎంత తేలికగా ఉంటుందో, చెప్పినవాడు మళ్లీ తన పనిలోకి ఎంత సులువుగా వంగగలడో అప్పుడు చూశాడు. ఫాదర్ చేతులు తుడుచుకుని లోపలికి పోయి ఒక పాలపొడి డబ్బా తెచ్చి, పిల్లకు ఇమ్మన్నాడు. నాగయ్య దాన్ని హ్యాండిల్‌కు కట్టుకున్నాడు. తిరుగుదారిలో గతుకు తగిలినప్పుడల్లా డబ్బా సైకిల్‌కు కొట్టుకుని మోగింది. నడుమ రెండుసార్లు టైరు గాలి దిగిపోయింది. వాడ చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది, ఆయనకు ఫాదర్ మీద, సిద్దిరాములు మీద, టైరు మీద, అన్నిటికంటే ఎక్కువగా తన నోటి మీద కోపంగా ఉంది.

వాడలో అప్పటికే పటేల్ మనిషి హనుమండ్లు వచ్చి కబురు చెప్పి పోయాడు. పొద్దు గుట్ట దిగేలోపల ఈ ఇంటి డప్పు పోచమ్మ గద్దె దగ్గర మోగాలి. పర్శరాములు పొద్దుటినుంచే పటేల్ దొడ్లో కూర్చున్నాడు, అన్నం కూడా పెట్టించారు. ఇక్కడ డప్పు మోగకపోతే అక్కడ అతనిది మోగుతుంది. ఆ తర్వాత ఈ వంతు ఎప్పటికీ అతనిదే.

సిద్దిరాములు గుడిలో ఉన్నాడు. తలుపు సగం తీసి ఉంది. పీఠం ముందు మోకరించిన అతని వీపు బయటికి కనిపిస్తోంది. కమలవ్వ అటుక ఎక్కి డప్పు దించింది. వాకిట్లో వరిగడ్డి మంట వేసి డప్పు మొహం కాపుతోంది. తోలు బిగిసిందా లేదా అని మధ్యమధ్య వేలితో మీటి వింటోంది. వాడంతా గడపల్లో నిలబడి చూస్తున్నారు గాని ఎవరూ దగ్గరికి రావడం లేదు.

నాగయ్య సైకిల్ దిగి, ఫాదర్ ఒప్పుకోలేదని చెప్పి, డబ్బా చేతికిచ్చాడు. కమలవ్వ దాన్ని తీసుకుని, చూడకుండానే గడప మీద పెట్టింది. ఇంకేమన్నాడని అడిగింది. దేవుడు చూసుకుంటాడన్నాడని నాగయ్య నేల చూస్తూ చెప్పాడు.

"నేను గూడ చూసిన బావా. చూసి చూసి కండ్లు కాయలు కాసినయి. ఆయన కొట్టడు, నువ్వు కొట్టవు. నేనే కొడుత. నవ్వేటోల్లను నవ్వనియ్."

పిల్లను పక్కింటి ముసలమ్మ ఒళ్లో వేసి, డప్పు పట్టీ భుజానికి తగిలించుకుని, పుల్లలు రెండూ కొంగులో చెక్కుకుని ఆమె గద్దె వైపు నడిచింది. ఆడది కొడితే ఆ ఇంటి వంతు చెల్లదు. నలుగురూ నవ్వుతారు, నవ్వుతూనే పర్శరాములును లేపుతారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసే పోతోంది. నాగయ్య ఆగమని అరిచాడు. ఆమె ఆగలేదు. ఆయన గుడి వైపు తిరిగి సిద్దిరాములును పేరు పెట్టి పిలిచాడు. సిద్దిరాములు తల తిప్పలేదు. ఆ భుజాల్లో బెదురు లేదు, తొందర లేదు. వాన పడుతుంటే ఇంట్లో కూర్చున్నవాడిలా ఉన్నాడు. ఆ నెమ్మది చూసి నాగయ్యకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేండ్లుగా తాను అమ్మిన సరుకును వీడొక్కడే కొన్నాడు, వీడి దగ్గరే అది ఉంది, తన దగ్గర పిడికెడు కూడా లేదు.

సైకిల్‌ను గోడకు ఆనించాననుకున్నాడు. అది వెనక దభాలున పడింది. ఆయన తిరిగి చూడకుండా పరుగెత్తి పోయి కమలవ్వ భుజం మీది పట్టీ పట్టుకున్నాడు. ఆమె వదల్లేదు. ఇద్దరూ నడివీధిలో కొంచెంసేపు గుంజుకున్నారు. ఇయ్యి, నేను కొడుతా అని ఆయన పళ్లు బిగపట్టి అన్నాక గాని ఆమె చేయి వదల్లేదు. వదిలాక అక్కడే నేలమీద కూలబడి ఏడ్చింది.

మెడలోని సిలువను చొక్కా లోపలికి దోపుకుని నాగయ్య గద్దె దగ్గరికి పోయాడు. పటేల్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పర్శరాములు అప్పటికే డప్పు కాపుకుంటున్నాడు.

"ఏంర నాగిగా, మీ పాదిరే పంపిండా?" అన్నాడు పటేల్. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఎవరూ పంపలేదు, ఇంటి వంతు ఇది అన్నాడు నాగయ్య. ఇంటిపేరు కలిసింది గనక ఎవరూ కాదనలేకపోయారు. కుడిచేత లావు సిర్ర, ఎడమచేత సన్నటి చిటికెన పుల్ల పట్టుకున్నాడు. మొదటి దెబ్బలు తడబడ్డాయి. మణికట్లు కట్టెల్లా బిగుసుకుని ఉన్నాయి, పర్శరాములు మొహం తిప్పుకుని చీదాడు. బోనాలెత్తిన ఆడవాళ్లు అడుగు వేయడానికి దరువు కోసం చూస్తున్నారు. రెండో తిరుగుడుకు, ఉపదేశి కాకముందు వాయించిన ఆ చేతులకు పాత దారి దొరికింది. అప్పటినుంచి ఆయన కొట్టలేదు, చేతులే కొట్టాయి. కాళ్లు వాటంతట అవే లేచాయి. చెమట కళ్లలోకి దిగింది. గుడి ముందు గొంతు వణికించి చెప్పిన ఏ పూటా రాని సంబరం ఒంట్లోకి వచ్చింది. అది వచ్చినందుకు సిగ్గుగానూ ఉంది. ఆపబుద్ధీ కాలేదు. పొద్దు దిగిపోయేదాకా కొట్టాడు. పర్శరాములు తన డప్పును గుడ్డలో చుట్టుకుని తమ ఊరి దారి పట్టాడు.

శుక్రవారం లింగవ్వ ఆయన బొబ్బలెక్కిన అరచేతులకు ఆముదం రాసింది. ఈ ఇల్లు మిషన్‌దే గదా అని ఒకసారి అడిగింది. ఔనన్నాడు. ఆమె లోపలికి పోయి గోదుమల మూట ఎంత ఉందో చేత్తో ఎత్తి చూసుకుంది. ఆ సాయంత్రం నాగయ్య పట్టా మోగించలేదు. జనం అలవాటు కొద్దీ వచ్చి కాసేపు కూర్చుని, ఒకరి మొహాలు ఒకరు చూసుకుని లేచిపోయారు.

శనివారం పటేల్ దొడ్లో ఎద్దు చచ్చింది. కబురు నేరుగా సిద్దిరాములు ఇంటికే వచ్చింది. సిద్దిరాములు కత్తి నూరుకుని, ఎప్పటిలాగే పోయి పని చేసుకుని, తోలు భుజాన వేసుకుని వచ్చాడు. దారిలో నాగయ్య ఎదురయ్యాడు. సిద్దిరాములు ఆగాడు. ఏదో అనబోయి, అన్న చేతుల వైపు చూసి, ఏమీ అనకుండా పోయాడు. తిట్టినా బాగుండేదని నాగయ్యకు అనిపించింది. నీ వంతు నిలబెట్టడానికి నేను నాశనమైపోయాను, ఒక్కమాటైనా అనవా అని వెనకనుంచి అడగాలనిపించింది. అడగలేదు.

ఆదివారం పొద్దున ఫాదర్ మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. వాడుక ప్రకారం పూజకు ముందు గుడి తలుపు దగ్గర నిలబడి, ఎవరైనా డప్పు కొట్టారా అని ఉపదేశిని అడిగాడు. అడుగుతున్నప్పుడు ఆయన కళ్లు సిద్దిరాములును వెతుకుతున్నాయి. కొట్టారన్నాడు నాగయ్య. ఎవరని అడిగాడు ఫాదర్. నేనే అన్నాడు నాగయ్య.

ఫాదర్‌కు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన మొహంలో కోపం కంటే అలసట కనిపించింది. కట్టడి నాగయ్యకు విప్పి చెప్పవలసిన పని లేదు. ఆయనే చొక్కా జేబులోంచి గుడి తాళంచెవి తీసి ఫాదర్ చేతిలో పెట్టి, పోయి చూరు కింద కంకర మీద మోకరించాడు. బుచ్చిరాములు లోపలికి పోతూ ఆయనను చూసి తల గోక్కుని పోయాడు. కొత్త ఉపదేశి దొరికేదాకా ఇంట్లో ఉండవచ్చని పూజ అయ్యాక ఫాదర్ లింగవ్వకు చెప్పాడు. అప్పటిదాకా సాయంత్రం ప్రార్థన ఎవరు నడిపిస్తారని వాడవాళ్లను అడిగాడు. చదువు వచ్చినవాడు ఇంకెవడూ లేడు. జపాలన్నీ నోటికి వచ్చినవాడు ఒక్కడే ఉన్నాడని అందరూ సిద్దిరాములును చూపించారు.

ఆ సాయంత్రం పట్టా మోగింది. సిద్దిరాములు మోగించాడు. కట్టడి సాయంత్రాలకూ ఉంది గనక నాగయ్య మళ్లీ కంకర మీదికి వచ్చాడు. లాంతరు వెలుగు ఆయన దాకా రాలేదు. సిద్దిరాములు మొదట పరలోక జపం, మంగళవార్త జపం చెప్పించాడు. ఆ తర్వాత చదవవలసిన చోట ఆగిపోయాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నడుం దగ్గర కట్టుకున్నాడు. గొంతు వణకలేదు. కల్లు దుకాణం దగ్గర బేరం మాట్లాడుతున్నట్టు మామూలుగా మాట్లాడాడు.

"నాకు సదువు రాదు. సదివేటాయన బయట ఉన్నడు. జరిగిందే చెప్త. నేను డప్పు కొట్టనంటి, కొట్టలే. మా ఇంటి వంతు పోతదని కమల ఏడ్చింది. పోలే. నిన్న తోలు మా ఇంటికే వచ్చింది. నేనేం చెయ్యలే, మోకాళ్ల మీద కూసున్న, గంతే. దేవుడు మా అన్నను పంపిండు."

నాగయ్యకు నెత్తురు తలకెక్కింది. దేవుడు పంపలేదురా, నీ పెండ్లాం పంపింది, దాని ఏడుపు పంపింది, నీ మొండితనం పంపింది, నువ్వక్కడ చల్లగా కూర్చుంటే నా ఇల్లు కూలింది అని అరవాలనిపించింది. కట్టడి నోటికి అడ్డం ఉంది. వరసల చివర కూర్చున్న కమలవ్వ మెడ తిప్పి చీకట్లోకి, సరిగ్గా ఆయన ఉన్న వైపు చూసింది. ఆమె ఒళ్లో పిల్ల పాలపొడి తాగి నిద్రపోతోంది. ఏమీ అనవద్దన్నట్టు ఆమె తల అటూ ఇటూ కొంచెంగా ఊపింది.

సిద్దిరాములు ఇంకా ఆపలేదు. కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, మా అన్న మోకాళ్ల కింద కంకర ఉన్నది. ఆయనకు ఓపిక తక్కువ, కోపం జాస్తి. ఇప్పుడు గూడ కోపంల్నే ఉన్నడు. నాకు ఆయన సదివితేనే అంతా ఎరుకైంది. జర ఆయన్ని ఇడువకు."

అందరూ ఆమెన్ అన్నారు. బయట ఉన్నవాడు నోరు తెరవకూడదు. నాగయ్య, కోపంగానే, లోపలున్న అందరికీ వినబడేటట్టు ఆమెన్ అన్నాడు.